పొలములకు విద్యుచ్ఛక్తిని పంచుకొను విధము
కొండవీటి ప్రాంతపు పట్టాదారు రైతులకు సూచనలు

బావిపై మోటారును బిగించుట ఒక దినపు పని. ఆ మోటారు ఏండ్లకొలది కాలిపోకుండ నీరు తోడునట్లు తీగలను, ట్రాన్స్‌ఫార్మరును, ఎర్తును అమర్చుకొనుట ఆలోచించి చేయవలసిన పని. మన రైతులలో పలువురు మొదటి దానికి ధారాళముగ ధనము వెచ్చించియు, రెండవ దానిని గూర్చి యోచింపక, ఎచట స్తంభము కనబడిన నచటినుండి, చేతికి దొరకిన తీగతో కరెంటును లాగుకొనుచున్నారు. దాని ఫలము మిరపతోట పూతమీద నున్నప్పుడు గాని, ప్రత్తి కాయ పట్టునప్పుడు గాని తెలియుచున్నది. మోటారు కాలును, చుట్టలు చుట్టించి తెచ్చుటకు వారము పట్టును, ఆ వారములో పూత రాలును. అంతకంటె ఘోరమైనది, తడిచేతితో స్టార్టరు పెట్టెను ముట్టి మనిషి మరణించుట. ఈ రెండు నష్టములును చాలవరకు ముందు ఆలోచనచే తప్పునవి గనుక, ఆ ఆలోచన యెట్లు చేయవలయునో ఈ పత్రమునందు వివరింపబడుచున్నది.

1. విద్యుచ్ఛక్తి మన పొలములకు వచ్చిన విధము

కొండవీడు, 2022వ సంవత్సరము ఏప్రిల్ నెలలో ఏర్పడిన పల్నాడు జిల్లాలో, యడ్లపాడు మండలమున నున్నది. రెడ్డిరాజుల కాలమునుండియు ఇచటి సేద్యము వర్షమును, చెరువులను, బావులను నమ్ముకొనినట్టిది. నాగార్జునసాగర్ ఆనకట్టకు 1955 డిసెంబరు 10వ తేదీన శంకుస్థాపన జరిగెను. 1967లో కాలువలకు నీరు వదలబడెను. కుడికాలువ యీ జిల్లా సేద్యపు రూపమును మార్చినను, కాలువ నీరు ఎక్కని మెరక భూములకును, కాలువ కట్టివేసిన నెలలలో పల్లపు భూములకును బోరుబావియే దిక్కు. బోరుబావికి విద్యుచ్ఛక్తియే ప్రాణము.

మాచ్‌ఖండ్ జలవిద్యుత్కేంద్రము 1955లో పనిచేయ నారంభించిన తరువాత ఆంధ్రదేశపు పల్లెలకు కరెంటు ప్రాకుట హెచ్చెను. 1959లో రాష్ట్ర విద్యుచ్ఛక్తి బోర్డు ఏర్పడెను. 1969లో కేంద్రప్రభుత్వము గ్రామీణ విద్యుదీకరణ సంస్థను నెలకొల్పి అప్పు లిచ్చుటచే పంపుసెట్లు ఊరూర వెలసెను. 1999లో ఆ బోర్డు విభజింపబడినది. కొండవీటి ప్రాంతమునకు కరెంటు పంచు బాధ్యత యిప్పుడు 2019లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ మధ్య ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థది. 2004వ సంవత్సరమునుండి వ్యవసాయమునకు ఉచిత విద్యుత్తు ఇయ్యబడుచున్నది. అయితే రైతు ఒక సంగతి మరువరాదు: కరెంటు ఉచితమైనను మోటారు ఉచితము గాదు, తీగ ఉచితము గాదు, పంట ఉచితము గాదు.

2. ఒత్తిడియు, ప్రవాహమును

కొండవీటి దుర్గముపై ముత్యాలమ్మ చెరువు, పుట్టాలమ్మ చెరువు, వేదుళ్ళ చెరువు అను జలాశయములు గలవు. చెరువు ఎంత ఎత్తున నున్న నీటికి అంత త్రోపుడుబలము కలుగును. కాలువ ఎంత వెడల్పుగ నున్న నీరు అంత ధారాళముగ పారును. కాలువ సన్ననిదై, పొడవైనదైన, మొదట నున్న బలము చివరకు నిలువదు. విద్యుచ్ఛక్తియు నిట్టిదే. ఎత్తునకు సాటియైనది ఒత్తిడి. దీనిని ఓల్టులతో కొలుతురు. పారెడు నీటికి సాటియైనది ప్రవాహము. దీనిని ఆంపియర్లతో కొలుతురు. కాలువకు సాటియైనది తీగ. తీగ సన్ననిదైన కొలది, పొడవైన కొలది ఒత్తిడి దారిలోనే ఖర్చగును. ఆ ఖర్చయిన భాగము వేడిగా మారి గాలిలో కలియును.

ట్రాన్స్‌ఫార్మరు వద్ద మూడు ఫేజుల తీగల నడుమ సుమారు 415 ఓల్టులు ఉండవలయును. మోటారు వద్దకు వచ్చుసరికి ఇది నూటికి పదిపాళ్ళు తగ్గినచో, మోటారు త్రిప్పుబలము పదిపాళ్ళు కాక పందొమ్మిది పాళ్ళు తగ్గును. పంపు తోడవలసిన నీరు మాత్రము తగ్గదు. అందుచే మోటారు అదనముగ ఆంపియర్లు లాగును, చుట్టలు వేడెక్కును. పది డిగ్రీల వేడి పెరిగినప్పుడెల్ల చుట్టలపై నున్న పూత ఆయుష్షు సుమారు సగమగునని ఇంజనీర్ల అంచనా. రైతు "మోటారు మంచిది కాదు" అని అంగడివానిని నిందించుచుండగా, దోషము తీగలో నుండుట తరచుగ జరుగుచున్నది.

ఒకే శక్తిని హెచ్చు ఒత్తిడితో పంపినచో తక్కువ ఆంపియర్లు చాలును. 11,000 ఓల్టుల తీగలో ప్రవాహము 415 ఓల్టుల తీగలో నుండవలసిన దానిలో ఇరువదియారవ వంతు మాత్రమే. తీగలో నష్టము ప్రవాహపు వర్గము ననుసరించి యుండును గనుక, అదే తీగలో నష్టము సుమారు ఏడువందలవ వంతునకు దిగును. ఈ కారణముచేతనే ఆంధ్రప్రదేశమున, పదిహేను ఇరువది మోటార్లకు ఒక పెద్ద ట్రాన్స్‌ఫార్మరు నుంచి పొడుగు తీగలు లాగు పాతపద్ధతిని క్రమముగ విడిచి, 11,000 ఓల్టుల లైనునే పొలములోనికి తెచ్చి, రెండుమూడు మోటార్లకు ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మరు నిచ్చు పద్ధతిని అవలంబించిరి. ఈ చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు 16 గాని, 25 గాని కె.వి.ఎ. శక్తి గలవి.

3. ముందు నీటి లెక్క, పిదప కరెంటు లెక్క

పొరుగువాడు పది హార్సుపవరు మోటారు పెట్టెనని తానును పెట్టుట వివేకము గాదు. మోటారు శక్తి, బోరులోని నీటి ఊటను, నీరు ఎక్కవలసిన ఎత్తును అనుసరించి యుండవలయును. సెకనుకు ఎన్ని లీటర్లు కావలయునో ఆ సంఖ్యను, ఎన్ని మీటర్ల ఎత్తునకు ఎక్కవలయునో ఆ సంఖ్యచే గుణించి, 75చే భాగించి, వచ్చిన దానిని పంపు నైపుణ్యముచే మరల భాగించినచో కావలసిన హార్సుపవరు వచ్చును. పంపు నైపుణ్యమును సగముగ తీసికొనుట క్షేమకరము. సెకనుకు 4 లీటర్లు, 40 మీటర్ల ఎత్తు అనుకొన్నచో, నాలుగు నలుబదులు 160. దానిని 37½చే భాగింపగా 4¼ వచ్చును. కావున 5 హార్సుపవరు మోటారు చాలును. ఎత్తు లెక్కించునప్పుడు బోరులో నీటిమట్టము వేసవిలో ఎంత దిగునో దానిని పట్టి లెక్కింపవలయునే గాని, కార్తీకమాసపు మట్టమును పట్టి గాదు. గొట్టములలో రాపిడివలన పోవు బలమును గూడ ఎత్తులో కలుపవలయును.

ఒక ఉదాహరణము చూతము. కొండ దిగువను ఒక రైతునకు 18 ఎకరముల మిరప, ప్రత్తి సేద్యము కలదనుకొందము. బాట వెంబడి పొలములో మూడు బోరులు గలవు. మొదటిది బాటనుండి 100 మీటర్ల దూరమున, రెండవది 300 మీటర్ల దూరమున, మూడవది 500 మీటర్ల దూరమున నున్నవి. మొదటి రెండింటికి 5 హార్సుపవరు చొప్పున, నీరు సమృద్ధిగ గల మూడవ దానికి 10 హార్సుపవరు మోటారు గలవు. అవి వరుసగ సెకనుకు 4, 4, 8 లీటర్లు, మొత్తము 16 లీటర్లు ఇచ్చును.

ఎకరమునకు అంగుళము లోతున నీరు పెట్టవలయునన్న సుమారు 1,03,000 లీటర్లు కావలయును. మూడు మోటార్లును దినమునకు తొమ్మిది గంటలు నడచినచో సుమారు 5,18,000 లీటర్లు, అనగా ఎకరమున కంగుళము చొప్పున ఐదెకరముల తడి. తడికి రెండంగుళముల వంతున 18 ఎకరములకు ముప్పదియారు వంతుల నీరు వలయును. కావున ఒక చుట్టు తిరుగుటకు ఏడు దినములు పట్టును. ఇందులో పెద్దమోటారు కాలినచో నీరు సగమై, చుట్టు పదునాలుగు దినము లగును. నల్లరేగడిలో పైరు కొంత ఓర్చును గాని, కొండ దిగువ గరుసునేలలో పూతమీద నున్న మిరప పదునాలుగు దినములు ఓర్చునా యని రైతు తన్ను తాను ప్రశ్నించుకొనవలయును. 2003లో ఆరంభమైన సూక్ష్మసేద్య పథకము క్రింద బిందుసేద్యము నమర్చుకొన్నవారికి నీటి అవసరము చాల తగ్గును. చిన్న మోటారుతోనే పని జరుగును. కరెంటు సమస్యకు నీటి పొదుపే మొదటి మందు.

4. ట్రాన్స్‌ఫార్మరు ఉండవలసిన చోటు

పై రైతు ట్రాన్స్‌ఫార్మరును బాట ప్రక్కనే పెట్టించుకొన్నచో ఏమగునో చూతము. ప్రతి మోటారు హార్సుపవరును దాని దూరముచే గుణించి కూడవలయును: 5ను 100చే గుణింపగా 500, 5ను 300చే గుణింపగా 1,500, 10ని 500చే గుణింపగా 5,000, మొత్తము 7,000. దీనిని మొత్తము హార్సుపవరులగు 20చే భాగింపగా 350 వచ్చును. బాటనుండి 350 మీటర్ల చోటు ఈ పొలమునకు భారకేంద్రము. కావడిబద్దను భుజముపై నుంచునప్పుడు బరువు హెచ్చుగనున్న వైపునకు భుజము జరుపుకొనునట్లే, ట్రాన్స్‌ఫార్మరును గూడ పెద్దమోటారు వైపునకు జరుపవలయును.

350 మీటర్ల చోట నిలిపినచో దూరములు వరుసగ 250, 50, 150 మీటర్లగును. మరల గుణించి కూడిన 3,000 మాత్రమే వచ్చును. 7,000 ఎక్కడ, 3,000 ఎక్కడ! తీగ ఖర్చును, ఒత్తిడి నష్టమును ఆ మేరకు తగ్గును.

అయినను లెక్క ఒక్కటియే చాలదు. ఆ చోటు వానకాలమున నీరు నిలుచు పల్లము కారాదు. కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మరును దింపి క్రొత్తది ఎక్కించుటకు బండిగాని ట్రాక్టరుగాని వచ్చు దారి యుండవలయును; నల్లరేగడిలో ఆశ్వయుజమాసమున చక్రము దిగబడు చోట ట్రాన్స్‌ఫార్మరు కాలినచో, క్రొత్తది వచ్చియు గట్టుననే ఆగిపోవును. గడ్డివాములకు, మిరపకాయలు ఎండబెట్టు కళ్లమునకు అది దూరముగ నుండవలయును. లైను ఎవరి చేలమీదుగ పోవునో ఆ పొరుగు పట్టాదారుల సమ్మతిని ముందే పొందుట మంచిది. పొలపు పటముపై బోరులను, బాటను, సరిహద్దులను గుర్తించి, ఆ పటముతో సంస్థవారి సెక్షను ఇంజనీరును కలసికొన్నచో మాట త్వరగ తెగును. చోటును నిర్ణయించు అధికారము సంస్థవారిదే యైనను, లెక్కతో వచ్చిన రైతు మాటకు విలువ హెచ్చు.

5. తీగ మందము నిర్ణయించుట

5 హార్సుపవరు మోటారు నిండు బరువున సుమారు 8 ఆంపియర్లు, 10 హార్సుపవరు మోటారు సుమారు 16 ఆంపియర్లు లాగును. 8 ఆంపియర్లు పారునప్పుడు అల్యూమినియం తీగలో ప్రతి 100 మీటర్ల దూరమునకు ఒత్తిడి ఈ ప్రకారము తగ్గును:

4 చదరపు మిల్లీమీటర్ల తీగలో సుమారు 8 ఓల్టులు;
6 చదరపు మిల్లీమీటర్ల తీగలో సుమారు 5 ఓల్టులు;
10 చదరపు మిల్లీమీటర్ల తీగలో సుమారు 3½ ఓల్టులు;
16 చదరపు మిల్లీమీటర్ల తీగలో సుమారు 2 ఓల్టులు.

ట్రాన్స్‌ఫార్మరునుండి మోటారు వరకు నష్టము నూటికి మూడు పాళ్ళకు, అనగా సుమారు 12 ఓల్టులకు, మించకుండ చూచుకొనుట మంచిది. ఆ లెక్కను 5 హార్సుపవరు మోటారునకు పై తీగలు వరుసగ 140, 220, 340, 550 మీటర్ల దూరమువరకు చాలును. 10 హార్సుపవరు మోటారునకు ఆ దూరములలో సగమువరకే చాలును. మన ఉదాహరణములో 250 మీటర్ల దూరపు మొదటి మోటారునకు 10 చదరపు మిల్లీమీటర్ల తీగయు, 50 మీటర్ల దూరపు రెండవ దానికి 4 చదరపు మిల్లీమీటర్ల తీగయు, 150 మీటర్ల దూరపు పెద్దమోటారునకు 10 చదరపు మిల్లీమీటర్ల తీగయు సరిపోవును. రాగి తీగ అయినచో దీనికంటె కొంత సన్ననిది చాలును.

బోరులో దిగు మోటారు విషయమున రైతులు తరచుగ ఒక పొరపాటు చేయుచున్నారు. బోరులోనికి దిగిన కేబులు పొడవును వారు లెక్కలోనికి తీసికొనరు. స్టార్టరునుండి మోటారు వరకు నూరు మీటర్ల లోతున్నచో, ఆ నూరు మీటర్లును దూరమే. పైన మంచి తీగ వేసి బోరులో సన్నని కేబులు దింపుట, పెద్దకాలువ త్రవ్వి చివర చిల్లుకుండ నుంచుటవంటిది. అతుకులు వేసిన చోటులును ఒత్తిడిని తినును. అల్యూమినియమును రాగిని మెలివేసి చుట్టబెట్టిన అతుకు కొలదికాలములోనే వదులై, వేడెక్కి, నల్లబడును. తగిన లగ్గులతో బిగించి అతుకవలయును.

6. ట్రాన్స్‌ఫార్మరు శక్తియు, కెపాసిటరును

పై మూడు మోటార్లు కలిసి 20 హార్సుపవరు. మోటారు నైపుణ్యము నూటికి 80 పాళ్ళనుకొన్నచో అవి తీసికొను శక్తి సుమారు 18½ కిలోవాట్లు. అయితే మోటారు పనికి వచ్చు కరెంటుతో పాటు, అయస్కాంతబలము పుట్టించుకొనుటకై మరికొంత కరెంటును లాగుచు, తిరిగి పంపుచు నుండును. ఈ రాకపోకల కరెంటు పని చేయదు గాని తీగలలో చోటు నాక్రమించును. దీనివలన ట్రాన్స్‌ఫార్మరుపై పడు బరువు సుమారు 23 కె.వి.ఎ. అగును, 25 కె.వి.ఎ. ట్రాన్స్‌ఫార్మరు మెడలవరకు మునిగినట్లే.

ప్రతి మోటారు వద్ద తగిన కెపాసిటరును పెట్టినచో, ఆ రాకపోకలు మోటారునకును కెపాసిటరునకును నడుమనే జరిగిపోవును. 5 హార్సుపవరు మోటారునకు 2, 10 హార్సుపవరు మోటారునకు 4 కె.వి.ఎ.ఆర్. కెపాసిటరు తగును. వీనిని పెట్టిన పిదప అదే బరువు 20 కె.వి.ఎ. లోపునకు దిగును, తీగలలో నష్టము నూటికి ఇరువదితొమ్మిది పాళ్ళు తగ్గును. కెపాసిటరును ట్రాన్స్‌ఫార్మరు వద్ద గాక మోటారు స్టార్టరు వద్దనే పెట్టినప్పుడే పొలపు తీగకు ఈ మేలు కలుగును. ఉచిత విద్యుత్తుతో పాటు ప్రభుత్వము రైతులను కోరిన నాలుగు పనులలో ఇది మొదటిది. తక్కినవి, ముద్ర గల మంచి పంపుసెట్టు, రాపిడి తక్కువ గల ఫుట్‌వాల్వు, నునుపైన గొట్టము. ఇవి ప్రభుత్వమునకై చేయు పనులని తలంపక తన మోటారు రక్షణకై చేయు పనులని రైతు గ్రహింపవలయును.

7. ఆటో స్టార్టరు తెచ్చు చేటు

మోటారు బయలుదేరు క్షణమున ఆరు రెట్లవరకు కరెంటు లాగును. మన ఉదాహరణములో మూడు మోటార్ల నిండు బరువు 32 ఆంపియర్లు, 25 కె.వి.ఎ. ట్రాన్స్‌ఫార్మరు మోయగలది 33 ఆంపియర్లు. మూడింటికిని ఆటో స్టార్టర్లు ఉన్నచో, కరెంటు వచ్చిన క్షణముననే మూడును ఒక్కసారి లేచి, సుమారు 190 ఆంపియర్లు లాగును. ఒత్తిడి కూలును, ఒత్తిడి కూలుటచే మోటార్లు వేగమందుకొనలేవు, వేగమందుకొనకపోవుటచే ఆ పెద్ద ప్రవాహము ఇంకను కొంతసేపు సాగును. ఒక లైనుమీద నున్న అన్ని పొలములలోను ఇదే జరిగినచో ఫ్యూజులు ఎగిరిపోవుటయు, ట్రాన్స్‌ఫార్మర్లు కాలుటయు వింతగాదు.

కావున ఆటో స్టార్టరును తీసివేయుట మేలు. పొలమునకు పోలేని సమయమని దానిని విడువలేనివారు, ఒక్కొక్క మోటారు కొన్ని నిమిషముల తేడాతో లేచునట్లు కాలయంత్రమునైనను అమర్చుకొనవలయును. చేతితో నడుపునప్పుడు పెద్దమోటారును ముందు లేపి, అది స్థిరపడిన పిదప చిన్నవానిని లేపవలయును. 10 హార్సుపవరు మోటారునకు స్టార్-డెల్టా స్టార్టరు నమర్చినచో బయలుదేరు ప్రవాహము మూడవవంతునకు తగ్గును. ఒకే ట్రాన్స్‌ఫార్మరుపై పలువురు రైతులున్న చోట, కాలువ నీటికి వంతులు వేసికొనునట్లే మోటార్లకును వంతులు వేసికొనుట శ్రేయస్కరము. మన పెద్దలు నీటివంతును మాటమీదనే నడపిరి. కరెంటు వంతును నడపుకొనలేమా?

మూడు ఫేజులలో ఒకటి పోయినప్పుడు మోటారు రెండు ఫేజులపైననే మూల్గుచు తిరిగి కాలిపోవును. దీనిని నివారించు రక్షకము స్టార్టరులో నుండవలయును. రెండు ఫేజులపై బలవంతముగ మోటారు నడుపుటకై కెపాసిటర్లు తగిలించు ఉపాయము కొందరు చేయుచున్నారు. అది తన మోటారునకే గాక, ట్రాన్స్‌ఫార్మరుపై నున్న ఇరుగుపొరుగు మోటార్లకును కీడు.

8. ఎర్తు: ప్రాణములకు సంబంధించిన విషయము

స్టార్టరు పెట్టె, మోటారు గుల్ల, ఇనుపగొట్టము ఇవన్నియు కరెంటు లేనివిగ నుండవలసినవి. లోపల పూత చెడి తీగ గుల్లను తాకినప్పుడు, ఆ కరెంటు ఎర్తుతీగద్వారా భూమిలోనికి పోయి, ఫ్యూజును కరగించి, లైను తెగవలయును. ఎర్తు పని యిది. ఎర్తు చెడినచో నేమగునో లెక్కించి చూడుడు. ఒక ఫేజునకు 240 ఓల్టుల ఒత్తిడి యుండును. ఎర్తు అడ్డంకి 60 ఓము లున్నచో 4 ఆంపియర్లు మాత్రమే భూమిలోనికి పోవును. 8 ఆంపియర్ల మోటారునకు పెట్టిన ఫ్యూజు 4 ఆంపియర్లకు ఎన్నటికిని కరగదు. గుల్లపై ప్రాణాంతకమైన ఒత్తిడి నిలిచియే యుండును. తెల్లవారి తడికాళ్ళతో వచ్చి పెట్టెపై చేయి వేసినవాడు ఎవడో వానికే ఆ శిక్ష.

నల్లరేగడి వానకాలమున తడిసియుండి ఎర్తునకు అనుకూలముగ నుండును గాని, వేసవిలో నెఱ్ఱెలు విచ్చి గొట్టమును విడిచిపెట్టును. కొండ దిగువ గరుసునేల ఎల్లకాలమును పొడిగనే యుండును. కావున కొండవీటి రైతు ఒక గొట్టముతో తృప్తిపడరాదు. సుమారు 2½ మీటర్ల పొడవు గల గాల్వనైజ్డు ఇనుపగొట్టమును నిలువుగ పాతి, చుట్టును బొగ్గును ఉప్పును వరుసలుగ నింపి, పైన చిన్న తొట్టి కట్టి, వేసవిలో నీరు పోయుచుండవలయును. గరుసునేలలో ఇట్టివి రెండుమూడు, కొంత ఎడముగ పాతి, ఒకదానితో నొకటి కలుపవలయును. బోరునీరు పారు తూము ప్రక్కన పాతిన ఎర్తు ఎల్లప్పుడు తడిగ నుండును. సంవత్సరమున కొకసారి, వేసవి నడుమ, అనుభవజ్ఞునిచే దీని అడ్డంకిని కొలిపింపవలయును.

ఎర్తు ఎంత మంచిదైనను దానిపైననే భారముంచరాదు. కరెంటు కొంచెము భూమిలోనికి కారినను వెంటనే లైనును త్రెంచు ఎర్తు లీకేజి బ్రేకరును పెట్టవలయును. మనిషి దేహమున 30 మిల్లీ ఆంపియర్లు, అనగా ఆంపియరులో నూటికి మూడు పాళ్ళు పారినను అపాయమే. ఇల్లు, పశువుల కొట్టము మొదలగు చోటులకు ఆ కొలతకే తెగునట్టి బ్రేకరు వేయుట అవశ్యము. పశువు నాలుగు కాళ్ళతో నేలపై నిలుచును గనుక మనిషికంటె దానికి దెబ్బ సులభముగ తగులును.

9. స్తంభములు, తీగలు, కేబుళ్ళు

పొలములో వ్రేలాడు తీగ నేలకు 15 అడుగులకంటె తక్కువ ఎత్తున నుండరాదు. ప్రత్తి బోరెములు ఎత్తుగ పేర్చిన ట్రాక్టరు దాని క్రింద పోవలసియుండునని గుర్తుంచుకొనవలయును. వంగిన స్తంభమును, వ్రేలాడు తీగను చూచి ఊరకుండక 1912 సంఖ్యకు టెలిఫోను చేసి సంస్థవారికి తెలుపవలయును. తీగల క్రింద టేకు, జామాయిలు వంటి ఎత్తగు చెట్లు నాటరాదు.

నేలలో పాతు కేబులునకు ఖర్చు హెచ్చైనను గాలివానల భయము లేదు. దానిని ట్రాక్టరు నాగలి తగలని లోతున, అనగా రెండున్నర మూడడుగుల లోతున, ఇసుక పఱచి, పైన ఇటుకలు కప్పి పాతవలయును. పాతిన దారిని పటముపై గుర్తించి యుంచవలయును. తండ్రి పాతిన కేబులు కొడుకునకు తెలియక గునపము దిగుట సంభవించును.

ఇంటి దీపములకు, కళ్ళపు దీపములకు వ్యవసాయపు కనెక్షనునుండి తీగ లాగరాదు. వానికి వేరు కనెక్షను తీసికొనవలయును. ముందు ముందు మరియొక బోరు వేయు తలంపున్నవారు ఆ మాటను దరఖాస్తులోనే తెలుపుట మంచిది. ఐదేండ్లకు సరిపడు అంచనా ఒక్కసారి వేసికొన్నచో, ఏటేట స్తంభములు మార్చు బాధ తప్పును. 2019లో కేంద్రప్రభుత్వ మారంభించిన కుసుమ్ పథకము క్రింద సౌరశక్తి పంపుసెట్లు ఇయ్యబడుచున్నవి. లైనునకు మిక్కిలి దూరముగ నున్న బోరునకు అరమైలు తీగ లాగుటకంటె అది లాభకరమేమో విచారించి చూచుకొనవలయును.

10. చేయరాని పనులు

ట్రాన్స్‌ఫార్మరు గద్దెనెక్కి రైతు తానే ఫ్యూజు వేయరాదు. స్విచ్చు లాగితిమను ధైర్యముతో ఎక్కి, ఒక ఫేజు తెగక నిలిచియుండుటచే ప్రాణములు పోగొట్టుకొన్నవారు పల్లెపల్లెన గలరు. లైన్‌మన్ వచ్చువరకు నీరు ఆగిన ఒక పూట తడి పోవును. అంతకు మించి పోవునది లేదు.

ఎగిరిన ఫ్యూజునకు మారుగ లావు తీగ చుట్టరాదు. ఫ్యూజు ఎగురుట జబ్బు గాదు, జబ్బును తెలుపు గుర్తు.

ఒక్క ఫేజు తీగను తెచ్చి, రెండవ తీగకు బదులు భూమిలో మేకు పాతి మోటారు గాని దీపము గాని నడుపరాదు. ఆ మేకు చుట్టునున్న నేలయంతయు కరెంటు నేల యగును.

అడవిపందులను ఆపుటకు కంచెకు కరెంటు పెట్టరాదు. అది నేరము, అంతకు మించి, రాత్రివేళ ఆ దారిని వచ్చువాడు పొరుగు రైతో, కూలివాడో, కన్నకొడుకో ఎవరు చెప్పగలరు?

11. సంగ్రహము

పొలపు పటము గీయుడు. వేసవి నీటిమట్టమును పట్టి మోటారు శక్తిని నిర్ణయింపుడు. హార్సుపవరును దూరముచే గుణించి ట్రాన్స్‌ఫార్మరు చోటును కనుగొనుడు. బోరు లోతును గూడ కలిపి తీగ మందమును ఎన్నుకొనుడు. ప్రతి మోటారునకు కెపాసిటరు పెట్టుడు. ఆటో స్టార్టరును తీసివేయుడు. ఎర్తును వేసవిలో పరీక్షింపుడు. ఈ ఏడు పనులును చేసిన రైతు, పూతమీద నున్న తోటను చూచి రాత్రి నిశ్చింతగ నిద్రింపగలడు. నీటికి కట్టలు, తూములు, వంతులు ఏర్పరచుకొనుట తరతరములుగ ఎరిగిన కొండవీటి రైతునకు, కరెంటునకు అట్టి ఏర్పాటే చేసికొనుట కష్టముగాదు. కావలసినది ఒక కాగితము, ఒక కొలతత్రాడు, ఒక పూట ఆలోచన.